గోడ మాత్రం వద్దు

వార్డు పనుల్లో పదో తరగతి పిల్లల సలహా కూడా తీసుకోవాలని పైనుంచి కాగితం వచ్చింది. కాగితం వచ్చాక తప్పుతుందా? మెదక్‌లో ఓ వార్డు కౌన్సిలర్ గాలయ్య, సర్కారు బడి నుంచి ఐదుగురు పిల్లలను కమ్యూనిటీ హాలుకు పిలిపించి, సమోసాలు పెట్టించి, పెద్దమనుషుల్లా కుర్చీల్లో కూర్చోబెట్టాడు.

వాళ్ళలో మమతకు మాత్రం సమోసా గొంతు దిగలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. బడి ప్రహరీ గోడ ఎత్తు పెంచాలి.

ఆ గోడ పేరుకే గోడ. పరీక్షలొస్తే చాలు, చుట్టాలూ పక్కాలూ దానిమీదెక్కి, రాయికి చిట్టీ చుట్టి కిటికీలోకి విసురుతారు. పోయినేడు ఎవరికో విసిరిన చిట్టీ గురితప్పి మమత అక్క సుమన బెంచీ మీద పడింది. ఖర్మ కాకపోతే, అదే నిమిషంలో స్క్వాడ్ దిగింది. ఆ పిల్ల ఎంత మొత్తుకున్నా వినలేదు, రెండేళ్ళు డిబార్ చేసిపారేశారు. క్లాసులో ఫస్టొచ్చే సుమన ఇప్పుడు ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతోంది.

గాలయ్య మామూలుగా ఏ అర్జీ ఇచ్చినా, "అద్దాలు మర్శిపోయిన, నువ్వే సదువు" అనే రకం. ఆరోజు మాత్రం చెవులు రిక్కించి విన్నాడు. పరీక్షలయ్యేదాకా సాయంత్రం ఆరు దాటితే మైకులు బంద్ చేయించమన్నాడు ప్రశాంత్ అనే పిల్లాడు. అసలే ఊరంతా తెలంగాణ ధర్నా టెంట్లు, ఆ టెంట్లలో పొద్దస్తమానం మైకు వదలనిది గాలయ్యే. అయినా మారుమాట లేకుండా సరేనన్నాడు. చదువుకునే వేళకే నల్లా వస్తోంది, టైం మార్చమన్నది కృతిక. దానికీ సరేనన్నాడు.

"లెక్కల పేపరు సోమారం గదా? ఆదివారం నాడు పెండ్లి బరాత్ సుత ఈ గల్లీలకు రానియ్య," అని అడక్కుండానే మాటిచ్చాడు కూడా. పరీక్షల టైంటేబుల్ నోటికి వచ్చిన లీడర్ ఎక్కడైనా ఉంటాడా! పిల్లలు మురిసిపోయారు.

మమతకు ధైర్యం వచ్చింది. లేచి అక్క సంగతంతా చెప్పింది. గాలయ్య కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"మీ అక్కకు మస్తు అన్యాయమైంది బిడ్డా," అన్నాడు. "గని, గోడ మాత్రం వద్దు."

ఎందుకంటే, గోడ లేస్తే పిల్లలకు గాలాడదన్నాడు. ఇటుక దొరకదన్నాడు. చివరికి ఆ దిక్కున గోడ వాస్తుకు పడదన్నాడు. ఇంకో సమోసా తినమన్నాడు.

మమతకు ఒళ్ళు మండిపోయింది. వాస్తట, వాస్తు! చెయ్యనని చెప్పొచ్చుగా? ఇంటికెళ్ళి అక్క పక్కన కూర్చుని ఏడ్చినంత పని చేసింది.

మార్చి వచ్చింది. అన్నమాట ప్రకారం మైకులు మూతపడ్డాయి, నల్లా టైం మారింది. గోడ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మమత సీటు సరిగ్గా కిటికీ పక్కనే పడింది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఏ గండం లేకుండా గడిచాయి. లెక్కల పరీక్షనాడు, లెక్కలొక్కటే తప్పినవాళ్ళకని వదిలిన, అప్పటిదాకా ఖాళీగా ఉన్న వెనక బెంచీలో ఎవరో ఆలస్యంగా వచ్చి, ఆయాసపడుతూ కూలబడ్డారు. తల తిప్పితే సారు ఊరుకోడని మమత చూడలేదు.

పావుగంట గడిచిందో లేదో, ఆమె పేపరు మీద టప్పున రాయి పడింది. రాయికి చిట్టీ. ఆమె తలెత్తేసరికి గుమ్మంలో స్క్వాడ్ సారు.

"ఎవరిదిది?"

అక్క పక్కన ఇంకో బీడీల చాట మమత కళ్ళముందు కదిలింది. సారు ఆమె పేపరు లాక్కోవడానికి చెయ్యి చాచాడు.

"ఆ పిల్లను ఇడిసిపెట్టుండ్రి సారూ, గది నాకొచ్చింది," అంటూ వెనక బెంచీలోంచి, హాల్ టికెట్ పట్టుకుని తలవంచుకుని లేచాడు కౌన్సిలర్ గాలయ్య.