లాకుల దగ్గర నయాగరా

తెనాలి దాటి నాలుగు కిలోమీటర్లు వెళ్లాక, కాలువ లాకుల దగ్గర దేవకుమారి కారు ఆపింది.

"నయాగరా వచ్చింది, దిగు నాన్నా."

దేవదానం మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, తలుపు పట్టుకుని మెల్లగా దిగారు.

తెనాలి పక్కన నయాగరా ఏంటని నవ్వకండి. మాస్టారు జన్మలో విమానం ఎక్కలేదు. అయినా ఇరవై రెండేళ్లు, ఏటా నవంబరు రెండో శనివారం, తన బడి పిల్లల్ని సైకిళ్ల మీద ఉత్తర అమెరికా యాత్రకు తీసుకెళ్లారు. ఆయన చెప్పే భూగోళం అలాంటిది.

లాకుల్లోంచి దూకే నీళ్లు నయాగరా. రేపల్లె దారిలో ఉప్పుడు బియ్యం మిల్లు వెనక పొగలు కక్కే వేడినీళ్లు యెల్లోస్టోన్. ఇటుక బట్టీకి మట్టి తవ్విన గొయ్యి గ్రాండ్ కాన్యన్. రాత్రికి రేపల్లె చర్చి వరండాలో పడక, దాని పేరు మోటెల్. మర్నాడు బాపట్ల సముద్రమే పసిఫిక్. అక్కణ్నుంచి సైకిళ్లు రైల్లో వేసుకుని ఇంటికి.

దేవకుమారి కూడా ఒక ఏడు ఆ యాత్రకు వెళ్లింది. నయాగరా తుంపరకు తన జడ తడిసిన సంగతి ఈ యాభయ్యేళ్ల వయసులోనూ ఆమెకు గుర్తుంది.

మాస్టారికిప్పుడు ఎనభై రెండు. నీటికాసులతో ఒక కన్ను పోయింది. రెండోది క్రిస్మస్ దాకా నిలిస్తే గొప్పేనన్నారు డాక్టరు.

"చూపుండగానే మన అమెరికా ఇంకొక్కసారి చూపించు తల్లీ" అని ఆయన అడిగారు. అందుకే ఈ నవంబరు రెండో శనివారం ఆమె కారు తీసింది.

మాస్టారు కట్ట మీద నిలబడి కిందికి చూశారు.

షట్టర్లు దించి ఉన్నాయి. అంచుల నుంచి సన్నగా నీళ్లు కారుతున్నాయి. మున్సిపాలిటీ కుళాయి నయం.

"ఇదేనా అమ్మా?"

"ఇదే నాన్నా."

ఆయన కళ్లజోడు తీసి, మళ్లీ తుడిచి పెట్టుకున్నారు.

అప్పుడొచ్చాడు ఒక ముసలాయన, టీ కొట్టు దగ్గర్నుంచి గబగబా. తెల్ల లుంగీ, జేబు నిండా మడత కాగితాలు. మాస్టారికి దూరంగానే ఆగి, దేవకుమారిని సైగ చేసి పిలిచాడు.

"అమ్మా, ఒక్క మాట. కాస్త పక్కకి రండి."

ఆమెకు ఒళ్లు మండింది. ఈ రోడ్డు మీద కారు ఆగితే చాలు, స్థలాల బ్రోకర్లు ఎక్కణ్నుంచో ఊడిపడతారు. వాళ్ల మొదటి మాట ఎప్పుడూ ఇదే.

"మేం స్థలం కొనటానికి రాలేదండి."

"స్థలం కాదమ్మా. ఒక్క పావుగంట ఆగండి, చాలు."

"ఎందుకు? పార్టీని తీసుకొస్తారా?"

"ఎవర్నీ తీసుకురానమ్మా. మీరు ఊరికే ఆగండి. మాస్టారికి మాత్రం ఏం చెప్పకండి."

ముసలాళ్ల ఆస్తులన్నీ ఇలాగే పోతాయనుకుంది దేవకుమారి. ఆ కోపంలో, తండ్రి మాస్టారని ఇతనికెలా తెలిసిందో ఆలోచించలేదు.

"మీకు దణ్ణం పెడతాను బాబాయ్, మమ్మల్ని వదిలేయండి."

తండ్రిని ఎక్కించుకుని కారు పోనిచ్చింది. అద్దంలో చూస్తే, ఆ ముసలాయన లుంగీ ఎగ్గట్టి లాకుల వైపు పరుగెడుతున్నాడు. అటు ఇంకో కారేదో ఆగి ఉంటుందనుకుంది.

మిల్లు వెనక పొగలు చూసి మాస్టారు నవ్వలేదు. గ్రాండ్ కాన్యన్‌ని పూడ్చి ప్లాట్లు వేశారు. బాపట్లలో ఇసుక మీద కూర్చుని మాస్టారు అన్నారు.

"పిల్లలకి అబద్ధాలు చెప్పానే."

"అదేంటి నాన్నా. నేను చూశాను కదా, ఎన్ని నీళ్లు ఉండేవి."

"నువ్వు చూసింది నా మాటల్ని. చిన్నపిల్లవి. నేనేం చెబితే అదే కనపడింది."

నిజమేనేమోనని ఆమెకూ అనుమానం వచ్చింది.

క్రిస్మస్‌కు పది రోజుల ముందే ఆయనకు చూపు పూర్తిగా పోయింది. ఆ దిగులు మాత్రం పోలేదు. పాత విద్యార్థులు ఎవరు పలకరించడానికి వచ్చినా, "నన్ను క్షమించండి నాయనా" అని చేతులు పట్టుకునేవారు. అరవై ఏళ్లు తలెత్తుకు బతికిన మనిషి అలా అనడం దేవకుమారి భరించలేకపోయింది. అక్కడ ఒకప్పుడు నీళ్లు దూకేవో లేదో ఎవరినైనా అడిగి తేల్చుకోవాలని, జనవరి ఆఖరున ఒక ఉదయం లాకుల దగ్గరికి వెళ్లింది.

టీ కొట్టు కృపమ్మ ఆమెను చూడగానే గుర్తుపట్టింది.

"ఆ రోజు మాస్టారిని తీసుకొచ్చింది మీరే కదండి. పావుగంట ఆగలేకపోయారా?"

"ఆ బ్రోకరు మీకు తెలుసా?"

"బ్రోకరేంటమ్మా. సామ్యేలు బాబాయ్. ఈ లాకుల మీద లస్కరుగా చేసి రిటైరయ్యాడు. ఈ షట్టర్లు ఎత్తటం, దించటం ఆయన పనే. ఆ రోజు ఇప్పుడున్న లస్కరు గడ్డం పట్టుకుని బతిమాలి షట్టర్లు ఎత్తించాడు. నీళ్లు దూకేసరికి మీ కారు లేదు. ఆ రోడ్డు వైపు చూస్తా చాలాసేపు నిలబడ్డాడు."

"ఆయన ఇల్లెక్కడ?"

"కొత్త సంవత్సరం నాడు పోయాడమ్మా."

దేవకుమారి బెంచీ మీద కూలబడింది.

"ఆ మాటేదో మా నాన్నకే చెప్పొచ్చు కదండి."

"చెబితే ఇంక నయాగరా ఏముంటదమ్మా?" అంది కృపమ్మ. "బాబాయ్ బడి మొహం చూడలేదు. మొదటేడు మాస్టారు పిల్లలకి చెప్పిన పాఠం, గేట్ల చాటున నిలబడి విన్నాడంట. ఆ రోజు నీళ్లు వాటంతటవే ఉన్నాయి. ఆ మరుసటేడు నుంచి, మీ సైకిళ్లు కట్టెక్కటం చూసి, పైవాళ్ల చేత తిట్లు తిని మరీ ఇరవై ఒక్కేళ్లు నయాగరాని దూకించింది ఆయనే."