కార్డు మార్చిందెవరు?

లాల్‌సింగ్ దొంగ. రిపేరుకిచ్చిన నా గేమింగ్ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు కాజేసి, పాతది బిగించాడు. ఇంటికి తెచ్చినప్పటి నుంచి ఆట ఆగాగి నడుస్తోంది. తండాలో ఇంటింటికీ ఈ మాట చెప్పాను.

జూలూరుపాడులో షాపు మూసి అతనే మా ఇంటికొచ్చాడు. ఆట పెట్టి, తెర మూలన కార్డు పేరు, దాని వేడి చూపే అంకెలు చూపించాడు.

"కార్డు నీదే. మస్తు వేడెక్కి స్పీడు తగ్గించుకుంటుంది. నా షాపుల గిట్ల గాలేదు."

"నీ షాపుల నీ మాటే వింటది!" అన్నాను.

అతను కంప్యూటర్ కేబినెట్ మీద కప్పిన అద్దాలు కుట్టిన బట్ట లాగేశాడు. గాలి పోయే జాలీ బయటపడింది. కాసేపటికి ఆట ఎక్కడా ఆగకుండా పరుగెత్తింది.

"బాగై వచ్చింది గదా, దిష్టి తగలొద్దని నేనే కుట్టి కప్పిన" అంది అమ్మ.

లాల్‌సింగ్ నావైపు తిరిగాడు. "రేపు పొద్దుగూకే లోపల అదే నోటితోని, అవే ఇండ్లల్ల, నేను దొంగను కాదని చెప్పి రా."