ఫర్నేసుకి ఆయాసం

"ఇక దీని పని అయిపోయిందండీ," అన్నాడు మెకానిక్ ట్రెంట్, ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేసు తలుపు మూస్తూ.

ఒరెస్ట్ నడుం పట్టుకుని బేస్‌మెంటు మెట్ల మీదే నిలబడిపోయాడు. వెన్ను పట్టేసి రెండు వారాలైంది, వంగలేడు, పార పట్టలేడు. అతని వెనకే భార్య హాలీనా, ఇంట్లోనే చలికోటూ ఉన్ని టోపీ వేసుకుని ఉంది. కెనడాలోని విన్నిపెగ్‌లో జనవరి. బయట మైనస్ ముప్ఫై. ఇల్లు ఇంకో రెండ్రోజులు ఇలాగే ఉంటే కొళాయి గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి.

"నిన్న ఆదివారం మధ్యాహ్నం దాకా బాగానే ఉంది కదా బాబూ!" అన్నాడు ఒరెస్ట్.

"మా తాత కూడా పోయే ముందురోజు దాకా బాగానే ఉన్నాడండీ. వినండి." ట్రెంట్ స్విచ్చు నొక్కాడు. ఫర్నేసు గుర్రుమంది. మంట అందుకోబోయి టక్కుమని ఆగిపోయింది. మళ్ళీ గుర్రు, మళ్ళీ టక్కు. "ఊపిరాడక ఎలా కొట్టుకుంటోందో చూశారా? ముసలి ఆయాసం. దీనికి పదహారేళ్ళు."

"ఏదైనా చిన్న ముక్క మారిస్తే..."

"మార్చి డబ్బు పుచ్చుకుని పోగలను. వారం తిరక్కుండా మళ్ళీ నన్నే పిలుస్తారు. కొత్తది ఏడు వేల డాలర్లు. ఇవాళ ఒప్పుకుంటే శుక్రవారానికి పెట్టేస్తాను. తొందరగా తేల్చండి, ఈ చలికి ఊళ్ళో సగం ఇళ్ళు నాకోసం ఎదురుచూస్తున్నాయి."

వణికేవాడికి బేరమాడే నోరెక్కడిది? ఒరెస్ట్ తలూపాడు.

హాలీనా పైకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. పక్కన సూట్‌కేసు తెరిచే ఉంది. బుధవారం మెక్సికో ప్రయాణం. బడి వంటగదిలో గరిటె తిప్పి తిప్పి ఆవిడ కూడబెట్టిన డబ్బుతో, హోటలు బసతో సహా కొన్న టికెట్లు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆవిడ ఇంకా సముద్రం చూడలేదు. కొత్తగా కొన్న ఎర్ర ఈతదుస్తులకి ధర చీటీ అలాగే వేలాడుతోంది.

"బ్యాంకు వాళ్ళని అడిగి చూస్తాను," అన్నాడు ఒరెస్ట్ తలుపు దగ్గర నిలబడి.

"ఇంటి పైకప్పుకి తెచ్చిన అప్పే ఇంకా తీరలేదు."

"పోనీ..."

"పోనీ లేదు గీనీ లేదు. సముద్రం ఎక్కడికీ పోదు ఒరెస్ట్. మనమే గడ్డకట్టిపోతాం." అంటూనే ఆవిడ ముఖం అటు తిప్పేసుకుంది.

టికెట్లు రద్దు చేస్తే చిల్లిగవ్వ రాదట. ఫోన్లో ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. కావాలంటే వాటి మీద వేరేవాళ్ళ పేర్లు రాయించుకోవచ్చట.

అప్పుడే పక్కింటి ఎల్మర్ బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు, చేతిలో పారతో. ఒరెస్ట్ నడుం పట్టేసినప్పట్నుంచీ వాళ్ళ వాకిట్లో మంచు తీస్తున్నది ఆయనే. పొలంలో పుట్టి పెరిగిన మనిషి, డెబ్బై దాటినా చేతులు ఊరుకోవు.

"అదేంటర్రా, ఇల్లింత చల్లగా ఉంది? పాపం మీరు వెచ్చగా పడుకోవాలని మంచంతా మీ గోడకి ఎగదోసి దుప్పటి కప్పినట్టు కప్పాను. మా నాన్న చలికాలం అలాగే చేసేవాడు. ఈ ఇంటికి నా దుప్పటి కూడా ఆనలేదన్నమాట!"

ఒరెస్ట్ సంగతంతా చెప్పాడు. ఎల్మర్ గడ్డం గోక్కుంటూ విన్నాడు.

"నాకూ మార్తాకీ ఎండంటే పడదు," అన్నాడు చివరికి. "అయినా ఆ టికెట్లు మేం తీసుకుంటాం. మీరు పెట్టిందంతా ఇచ్చేస్తాను, ఒక్క డాలరు కూడా తగ్గించను."

"మాకోసం మీరు ఎండలో మాడటం ఎందుకు పెద్దాయనా..."

"నోర్ముయ్. పక్కింటివాణ్ణి ఎందుకున్నట్టు మరి?"

హాలీనా ఆయన్ని పట్టుకుని ఏడ్చేసింది. వెళ్ళేటప్పుడు ఆ ఎర్ర ఈతదుస్తులు కూడా మడిచి ఆయన చేతిలో పెట్టింది, మార్తాకి సరిపోతాయేమో చూడమని.

చిన్న కరెంటు హీటర్లు రెండు పెట్టుకుని, నీళ్ళు గడ్డకట్టకుండా కొళాయిలు సన్నగా వదిలేసి, బీట్‌రూట్ సూపు తాగుతూ మొగుడూ పెళ్ళాలు శుక్రవారం దాకా లాక్కొచ్చారు. ఆ సాయంత్రానికి కొత్త ఫర్నేసు బేస్‌మెంటులో తళతళలాడుతూ నిలబడింది. పాతదాన్ని ట్రెంట్ ముక్కలు చేసి వ్యానులో పడేశాడు.

"గోడలోంచి బయటికెళ్ళే గొట్టాలు మాత్రం పాతవే ఉంచానండీ. ఇది గాలి పీల్చుకోవాలన్నా పొగ వదలాలన్నా వాటిలోంచే. లోపల్నుంచి చూశాను, గట్టిగానే ఉన్నాయి. మీకు ఆ ఖర్చు తప్పింది."

"అదైనా తప్పించావు, చల్లగా ఉండు," అంది హాలీనా. ఆ మాటకి తనే వణుకుతూ నవ్వింది.

ట్రెంట్ స్విచ్చు నొక్కాడు. కొత్త ఫర్నేసు గుర్రుమంది. మంట అందుకోబోయి టక్కుమని ఆగిపోయింది.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ గుర్రు, మళ్ళీ టక్కు.

"దీనికెన్నేళ్ళు బాబూ?" అంది హాలీనా.

ట్రెంట్ అంత చలిలోనూ మెడ తుడుచుకుని, ఫర్నేసు తలుపు విప్పి లోపలికి తల దూర్చాడు. ఒరెస్ట్ మెట్టు మీద కూలబడ్డాడు. అమ్ముకోవడానికి ఇంట్లో ఇంకేం మిగల్లేదు. ఎవర్ని ఏమనాలో కూడా తెలియలేదు.

జేబులో ఫోను మోగింది. తీస్తే ముందు అలల హోరు వినిపించింది, తర్వాత ఎల్మర్ గొంతు.

"ఒరెస్ట్! ఈ సముద్రం భలే ఉందిరా, హాలీనాకి చెప్పు! కొత్తది పెట్టేశారా? నీకొకటి చెప్పడం మరిచిపోయాను. ఉత్తరం వైపు గోడకి రెండు తెల్ల గొట్టాలు తెరుచుకుని ఉన్నాయి చూడు, చలంతా వాటిలోంచే లోపలికి పోతోందని ఆ ఆదివారమే మంచు కుక్కి, పారతో కొట్టి కొట్టి పూడ్చేశాను. ఇప్పుడు ఇల్లు వెచ్చగా ఉందా?"