ముప్ఫై ఏళ్లకు గ్లోరీ పాట

"స్టేజీ మీద పాడమంటే ఏం చెయ్యాలె మనీషా? గిప్పుడు నేనేం చెయ్యాలె?"

తనకు సన్మానం జరుగుతున్న ఫంక్షన్ హాలు వెనక ఆపిన కారులో, అద్దాలన్నీ ఎక్కించుకుని కూర్చుంది అరవై నాలుగేళ్ల గ్లోరీ. పక్కనున్న మనీష చెయ్యి వదలడం లేదు. హాల్లో ఆమె కొత్త ఆల్బం "కరెంటొచ్చింది" మోగుతోంది. డ్రమ్ముల దడదడ తప్ప కారులోకి ఇంకేమీ వినిపించడం లేదు. పాటలైపోయాకే లోపలికొస్తానని ఆమె పట్టుబట్టింది.

"ఎవరు పాడమంటరమ్మా? దండలేస్తరు, ఫోటోలు దిగుతరు, అయిపాయె," అంది మనీష.

గ్లోరీ అంటే ఒకప్పుడు మాటలా? సికింద్రాబాద్ హోటళ్లలో ఎలక్ట్రిక్ గిటార్ల నడుమ నిలబడి రాక్ అండ్ రోల్ పాడిన పాలమూరు పిల్ల. తెలుగులో రాకేమిటని మూతి విరిచినవాళ్లే రెండో పాటకు కుర్చీలెక్కి గెంతేవారు. తర్వాత గొంతుకు ఆపరేషన్ అయింది. సొంతూరు మహబూబ్‌నగర్ వచ్చేసి బళ్లో టీచరుగా చేరింది. ముప్ఫై ఏళ్లు చర్చిలో కూడా నోరు విప్పలేదు. మొన్న వేసవిలో గోపీకృష్ణ అనే స్టూడియో ఆయన ఇంటి చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఒప్పించాడు.

ఒప్పుకోవడమైతే ఒప్పుకుంది గానీ, మైకు దగ్గర రికార్డింగు ఎర్రలైటు వెలిగిందో లేదో గొంతు వణికేది. నాలుగు రోజులు అదే తంతు. ఐదో రోజు ఆవిడే బయటపడింది.

"గోపీ, నాతోని గాదు. మా చర్చిల పాడే మనీష గొంతు అచ్చం నా లెక్కనే ఉంటది. ఆ పిల్లకు నేర్పిస్త. పాట ఆమెది, పేరు నాది. ఎవరికీ చెప్పకు."

గోపీకృష్ణ తల గోక్కుని, సరేనన్నాడు. ఎర్రలైటు ఆర్పేసి, ఇద్దరికీ హెడ్‌ఫోన్లు ఇచ్చాడు. పాటంతా గ్లోరీ ముందు పాడి వినిపించడం, తర్వాత మనీష పాడటం, తప్పిన చోటల్లా గ్లోరీ ఆ పిల్ల వీపు మీద ఒక్కటి చరవడం. ఇలా వారంలో ఎనిమిది పాటలు అయిపోయాయి.

ఆల్బం తయారయ్యాక "ఒక్కసారన్న వినుండ్రమ్మా" అని గోపీకృష్ణ బతిమాలాడు. గ్లోరీ వినలేదు. దొంగసొత్తును ఎవరైనా ముందేసుకుని మురిసిపోతారా? పాటలు బయటికొచ్చాక ఊళ్లో ఎవరు మెచ్చుకున్నా ఆమెకు తేలు కుట్టినట్టే ఉండేది. పట్టుబడతానన్న భయంతో అన్నం కూడా సయించడం మానేసింది.

కారులో మనీష ఆమె వైపు తిరిగింది. "అమ్మా, మీకొక మాట చెప్పాలె. ఫంక్షన్ అయినంక చెప్పుదామన్నడు గోపన్న, గాని..."

"ఏం చెప్పకు బిడ్డా. నీ పేరెక్కడ లేదని నీకు బాధుంటది. నాకెరుకే. గీ ఒక్కపూట ఓర్సుకో. నలుగుట్ల నా పరువు తియ్యకు."

"అది గాదమ్మా..."

హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో వచ్చి కారు తలుపు తీశారు.

గ్లోరీ స్టేజీ ఎక్కింది. దండలు పడ్డాయి. ఫోటోలయ్యాయి. హమ్మయ్య అనుకునేలోగా ముందు వరసలోంచి ఒక పెద్దమనిషి ఫోను పట్టుకుని లేచాడు.

"నా పేరు నర్సింహ. కొత్తకోట. బస్సు కండక్టరు చేసి రిటైరైన. వయసుల ఉన్నప్పటిసంది మీ పాటలంటే పానం. నిన్న మీ పాట ఇని మా బిడ్డ ఏమన్నదో తెల్సా అమ్మా? గీ వయసుల గంత మంచిగ పాడుడు కాదు నాయినా, ఎవరో పడుచుపిల్లతోని పాడిచ్చిండ్రు అన్నది. నాకు మండింది. గ్లోరమ్మ అబద్ధమాడదన్న. నిన్నటిసంది దానితోని మాట్లాడుతలేను. జర ఒక్క లైను పాడుండ్రి. రికార్డు చేసుకపోయి దానికి ఇనిపిస్త."

ఎవరో గ్లోరీ చేతిలో మైకు పెట్టారు. పాడితే గొంతు వణుకుతుంది, పాడకపోతే అనుమానం నిజమవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కింద గోపీకృష్ణ నవ్వుతూ, పాడండి పాడండి అని తల ఊపుతున్నాడు. వీడికి సిగ్గెక్కడ పోయిందని ఆమెకు ఒళ్లు మండింది.

నర్సింహ ఫోను ఎత్తి పట్టుకునే ఉన్నాడు. తన అబద్ధం కోసం ఒక తండ్రి కన్నబిడ్డతో మాటలు మానేశాడు. అది మాత్రం గ్లోరీ భరించలేకపోయింది.

"నర్సింహన్నా, నీ బిడ్డ అన్నదే నిజం. ఇంటికి పోయి మంచిగ మాట్లాడు," అంది. "ఆ పాటలు నేను పాడలే. నాకు భయమైంది. గ్లోరీ గొంతు పోయిందని మీకు తెలుస్తదని భయమైంది. పాడింది అగో, స్టేజీ పక్కనున్న మనీష. చప్పట్లు ఆ పిల్లకు కొట్టుండ్రి."

నర్సింహ ఫోను మెల్లగా దించేశాడు. గోపీకృష్ణ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని లేచి నిలబడ్డాడు. ఇక మొహం ఎత్తుకుని తిరగలేననుకుంటూ గ్లోరీ తల దించుకుంది.

మనీష ఏడుస్తూ పరుగున వచ్చి ఆమె చేతిలో మైకు లాక్కుంది.

"నాకు నేర్పుకుంట మీరు పాడిందే గోపన్న రికార్డు చేసి ఆల్బంల పెట్టిండమ్మా."