మొదటి గుక్క

మడుగు పచ్చబడిందని తెలిసి, ఒడ్డునే ఆగిపోయి దుప్పి తన పిల్లకు చెబుతోంది.

"ఇలాంటప్పుడు కాపలా తాబేలమ్మ ముందు తను ఒక గుక్క తాగేది. పూటంతా ఆగి, అప్పుడు మమ్మల్ని రమ్మనేది. ఓసారి అందరికీ కడుపులో నొప్పులొచ్చాయి. 'తొందరపడి రమ్మన్నాను, తప్పు నాదే' అని గట్టు మీద నిలబడి చెప్పింది. ఆ రోజు నుంచే ఆవిడ మాట మీద మాకు గురి."

ఇంతలో కొత్త కాపలాదారు ముంగిస కేకేసింది. "నీళ్లు భేషుగ్గా ఉన్నాయి, తాగండి!"

"ఒక్క గుక్క మీరు తాగి చూపించండి బాబూ," అంది దుప్పి.

"నేను కొండ ఊట దగ్గర తాగే వచ్చాను."

దుప్పి గట్టున పడున్న తాబేలమ్మ డిప్పను ఒకసారి మూతితో తాకి, దాహంతోనే పిల్లను తీసుకుని కొండ దారి పట్టింది.