ఎర్ర ముక్కలు పద్నాలుగు

పాప నోట్లో వేలు పెట్టి తిప్పి చూసింది పిన్ని. ఏమీ తగల్లేదు.

అక్క కూతురు, పది నెలల పాప, బల్ల కింద కూర్చుని ఒకటే దగ్గు. గుప్పిట్లో కందిగింజంత ఎర్ర ప్లాస్టిక్ ముక్క. పక్కనే విడి ముక్కలు వేసి ఉంచే సాసరు బోర్లా పడి ఉంది. దాని చుట్టూ అలాంటి సన్న ముక్కలే బోలెడు.

ఒకటి చేతిలో ఉందంటే ఇంకొకటి నోట్లోకి పోలేదని ఏమిటి నమ్మకం?

ఆ గది పిన్ని మొగుడిది. బొమ్మ ఇటుకలతో కార్లు కట్టడం ఆయనకు పిచ్చి. అలాంటిలాంటి పిచ్చి కాదు. తలుపులు తెరుచుకోవాలి, స్టీరింగు తిప్పితే చక్రాలు తిరగాలి, ఇంజను లోపల పిస్టన్లు ఆడాలి. ఏడు నెలలుగా కడుతున్న నీలం కారు బల్ల మీద నిగనిగలాడుతోంది. ఆ గది తలుపు వేసే ఉంచమని ఆయన వెయ్యిసార్లు చెప్పాడు. పాపకు కారు చూపిద్దామని ఈమే తీసింది. వంటింట్లో ఫోను మోగితే ఒక్క నిమిషం వెళ్ళింది.

స్నానాల గదిలో ఉన్న అక్క తడిజుట్టుతోనే బయటికొచ్చి, పాపను ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. పిన్ని వెంట వెళ్ళబోతే “నువ్వు రాకు” అంది. ఆ మాట కన్నా ఆ చూపుకే ఎక్కువ భయమేసింది.

అరగంటకు ఫోను. అక్క కాదు, డాక్టరు.

“ప్లాస్టిక్ ఎక్స్‌రేలో కనబడదమ్మా. దగ్గు తగ్గింది, ఇప్పటికి బాగానే ఉంది. కానీ ముక్క లోపలుంటే ఇలా బాగున్నట్టే ఉండి, తర్వాత ఊపిరి అందకుండా చేస్తుంది. మత్తిచ్చి గొట్టం వేసి చూడాలి. ఈ వయసులో ఊరికే మత్తివ్వడమూ మంచిది కాదు. ముక్క పోయిందో లేదో లెక్క చూసి చెప్పగలరా?”

“చూస్తానండీ” అంది. ఎలా చూడాలో మాత్రం తెలీదు. తెలిసిన మనిషి విమానంలో ఉన్నాడు. దిగేది నాలుగింటికి.

కారు కట్టే పద్ధతి బొమ్మలతో చెప్పే పుస్తకం అలమరలో దొరికింది. చివరి పేజీలో జాబితా ఉంది. ఏ రకం ముక్కలు ఎన్నో పక్కనే అంకె వేశారు. గుండ్రటి ఎర్రవి పద్నాలుగు.

నేల మీద మూడు దొరికాయి. పాప గుప్పిట్లోది ఒకటి. వెనక దీపాల దగ్గర నాలుగు కనిపిస్తున్నాయి. మిగతావి కారు కడుపులో ఎక్కడున్నాయో!

“విప్పెయ్ అమ్మాయ్” అంది అత్తగారు చాప పరుస్తూ. “కారు పోతే పోయింది. వాడికి నేను చెప్పుకుంటాను.”

తలుపులు ఊడాయి. పైకప్పు ఊడింది. సీట్లు, ఇంజను, చక్రాలు. వేళ్ళకు లొంగనివాటిని పళ్ళతో లాగింది పిన్ని. గోళ్ళు విరిగినా చూసుకోలేదు. ఏడు నెలల కారు గంటన్నరలో చాప మీద కుప్పయింది. అత్తగారు కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుని, రంగుల వారీగా పోగులు పెట్టింది.

లెక్క తిన్నగా రావడం లేదు. సన్న బూడిదరంగువి పన్నెండు ఉండాలంటే పదమూడు వచ్చాయి. తెల్లవి తొమ్మిదికి పది.

“నాకు లెక్క తప్పుతోంది అత్తయ్యా!”

“ఎక్కువైతే మనకేం? తక్కువ కాకుంటే అదే పదివేలు.”

ఎర్రవి పదమూడు.

మళ్ళీ లెక్కపెట్టారు. పదమూడే. అత్తగారు లెక్కపెట్టినా పదమూడే. పిన్ని బీరువా కింద చీపురుతో గీకింది. చాప దులిపింది. తన కొంగు దులుపుకుంది. ఆస్పత్రికి ఫోను చేద్దామని తీసి, అంకెలు కనబడక కళ్ళు తుడుచుకుంది.

“ఆగాగు. ఇదేంటి, దీన్ని విప్పలేదేం?” అంది అత్తగారు.

ఆమె చేతిలో పిడికెడంత ముద్ద ఉంది. గేర్ల డబ్బా. పళ్ళచక్రాలన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. పిన్ని కత్తెర మొన దూర్చి పెళ్ళగించింది. లోపల, సన్నటి ఇరుసు చివర, ఎర్రగా గుండ్రంగా కనిపించింది.

పద్నాలుగు!

అత్తాకోడళ్ళు ఒకరినొకరు వాటేసుకుని ఏడ్చారు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదటిసారి.

లెక్క సరిపోయిందని చెప్పగానే అక్క ఫోన్లోనే భోరుమంది. “నిన్నేదో అనేశానే, మనసులో పెట్టుకోకు.” గొట్టం అక్కర్లేదని డాక్టరు పాపను ఇంటికి పంపేశాడు. ఇల్లు చేరగానే అక్క మెసేజి పెట్టింది, పాప హాయిగా నిద్రపోతోందని.

నాలుగుంబావుకు మొగుడి ఫోను వచ్చింది. జరిగిందంతా ఏకరువు పెట్టి, “మీ కారు మొత్తం విప్పేశామండీ” అంది బిక్కుబిక్కుమంటూ.

ఆయన ముందు పాప సంగతే అడిగాడు.

“పాప బాగుంది కదా? కారుదేముంది, మళ్ళీ కట్టుకుంటాను.”

ఇంత మంచి మనిషికా ఇంతసేపూ భయపడ్డాను అనుకుంది. పొద్దున్నించీ మొదటిసారి ఊపిరి పీల్చుకుని, కాస్త గొప్పగానే చెప్పింది. “పుస్తకంలో పద్నాలుగు అని ఉంది. సరిగ్గా పద్నాలుగూ దొరికాయి. ఎర్రవాటి లెక్క ఒక్కటే తిన్నగా సరిపోయింది, తెలుసా!”

“సరిపోవడమేంటి, సన్నవి పోతుంటాయని కంపెనీవాడు పుస్తకంలో రాయకుండా ప్రతి రకంలోనూ ఒకటి ఎక్కువ వేస్తాడు, ఎర్రవి పదిహేను ఉండాలి!”