ఇరవయ్యో సబ్బు

“ఇదైతే నూటికి రెండే తీసుకుంటుంది. దీనికి మారిపోదాం,” అంటూ ఆమె ల్యాప్‌టాప్‌ని భర్త వైపు తిప్పింది. సబ్బుల వెబ్‌సైట్ పెట్టి రెండు నెలలైంది. వచ్చినవి పంతొమ్మిది ఆర్డర్లు. మిగిలే కాస్తా ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ కమీషన్‌కే పోతోంది.

“రెండే గానీ, ఆర్డరుకింతని విడిగా కూడా కోస్తోంది చూడు. నూటికి మూడైనా ఆ పక్కదే నయం. ఒక్కో సబ్బు అమ్మేటప్పుడు అదే కలిసొస్తుంది.”

“ఎల్లకాలం ఒక్కొక్కటే కొంటారా ఏంటి? మీకు వైర్లు తప్ప వ్యాపారం తెలీదు.”

ఎలక్ట్రీషియన్ భర్త తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయాడు.

ఇవాళ్టి ఆర్డరూ ఒక్క సబ్బే. ప్యాక్ చేస్తుంటే టేపు అయిపోయింది. అతని పనిముట్ల పెట్టెలో ఉంటుందని మూత తీసింది. లావెండర్ వాసన గుప్పున కొట్టింది.

వైర్ల చుట్టల కింద చిన్న చిన్న పొట్లాలు. అన్నిటి మీదా తన చేతిరాతే, పక్కన డెలివరీ అయినట్టు కొరియర్ ముద్ర. వేరు వేరు పేర్లు, వేరు వేరు చిరునామాలు. తను కట్టిన దారం ముడి ఒక్కదానికీ విప్పలేదు. లెక్కపెట్టింది. పంతొమ్మిది.

టేపు మాత్రం తీసుకుని మూత వేసేసింది.

“ఇంతకీ ఏది ఖాయం చేశావ్?” స్నానాలగదిలోంచి అడిగాడు.

“మీరన్నదే,” అంది, ఇరవయ్యో సబ్బుకి టేపు అంటిస్తూ.